పేర్లు రాసే లీడర్, నోట్స్ పంపే లీడర్

పదో తరగతి చదువుతున్న మా మేనకోడలు, సోషల్ ప్రీ ఫైనల్‌కి ముందురోజు రాత్రి ఇండియా మ్యాప్ గీసింది. ఏటా తిప్పి తిప్పి అడిగే నదులు, పర్వతాలు, పీఠభూములు ఎర్ర పెన్నుతో గుర్తులు పెట్టి, ట్యూబ్‌లైట్ కింద ఫొటో తీసి, వాళ్లమ్మ ఫోన్లోంచి క్లాసు గ్రూపులో పెట్టింది. ఫొటోకి కింద బొటనవేలు అడ్డొచ్చింది. రెండు నిమిషాలు కాకముందే "కన్యాకుమారి మీద నీ వేలుందే" అని ఒక మెసేజ్. మళ్లీ తీసి పెట్టింది. పదకొండు దాటేసరికి ఆ మ్యాప్ పక్క సెక్షన్‌కి పోయింది, అక్కడి నుంచి ఇంకో స్కూలు పిల్లలకి కూడా పోయింది.

మర్నాడు స్కూల్లో అక్షింతలు పడ్డాయి. "క్లాస్ లీడర్‌వై ఉండి నువ్వే రాత్రిపూట గ్రూపుల్లో కాగితాలు తిప్పుతావా, ఇంకోసారి ఇలా చేస్తే లీడర్‌గా తీసేస్తాం" అన్నారట. ఏ స్కూలని అడక్కండి, ఏ స్కూలైనా ఇదే అంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి బ్యాగు మంచం మీద పడేసి, "మామయ్యా, మాట్లాడినవాళ్ల పేర్లు బోర్డు మీద రాస్తే లీడర్ అంటారు, మ్యాప్ పంపితే తీసేస్తామంటారు, ఇదేంటి?" అంది.

రెండు రోజులు ఆలోచించాను. పిల్ల చెప్పిందే కరెక్టు. మన బళ్లలో పరీక్ష, లీడర్, ఫోన్ అనే మూడు మాటలకీ పెద్దవాళ్లు ఇచ్చుకున్న అర్థాలు తప్పు. ఆ తప్పుకి శిక్ష మాత్రం పిల్లలకి వేస్తున్నాం.

లీడర్ సంగతే తీసుకోండి. మనం చదువుకున్నప్పుడూ ఇదే తంతు. సారు బయటికి వెళ్తూ చాక్‌పీసు చేతికిచ్చి "అల్లరి చేసినవాళ్ల పేర్లు రాయి" అంటాడు. అంతటితో నలభైమందిలో ఒకడు పోలీసైపోతాడు. స్నేహితుల పేర్లు రాయడు, పడనివాళ్ల పక్కన ఇంటూ గుర్తులు పెడతాడు, రెండు ఇంటూలకి రెండు దెబ్బలు. ఇప్పుడు దెబ్బలు తగ్గాయి కానీ చాక్‌పీసు అలాగే ఉంది. మా పిల్ల లీడరైన మొదటిరోజు బోర్డు మీద మొదటి పేరు తనదే రాసుకుందట, "ష్, మాట్లాడకండి అని నేనే గట్టిగా మాట్లాడాను కదా" అని. టీచరు నవ్వారట. నాకైతే మన ఎమ్మెల్యేల్లో ఎంతమంది ఆ పని చేస్తారో అనిపించింది, సరే అది వేరే కథ.

స్వపరిపాలన దినోత్సవం అని ఇంకోటి ఉంది. ఆరోజు ఆడపిల్లలు అమ్మ చీర కట్టుకుని టీచర్లవుతారు, ఒకడు ఇన్‌షర్ట్ చేసుకుని హెడ్మాస్టరవుతాడు, ఇంకొకడు కలెక్టరై తనిఖీకి వస్తాడు, ఫొటోలు దిగుతారు, సాయంత్రానికి చీర బీరువాలోకి పోతుంది. 2025 నవంబర్ 26న రాజ్యాంగ దినోత్సవానికి అమరావతిలో 175 నియోజకవర్గాల తరఫున పిల్లలతో మాక్ అసెంబ్లీ పెట్టారు. నేను చూశాను, బాగా మాట్లాడారు, కొందరు అసలు సభ్యుల కంటే మర్యాదగా మాట్లాడారు. కానీ ఆ పిల్లలు మర్నాడు బడికెళ్తే అక్కడ వాళ్ల మాట చెల్లే విషయం ఏముంది? స్టడీ అవర్ ఎన్నింటికి మొదలవ్వాలో అడుగుతారా? ప్రీ ఫైనల్ ఒకటి చాలా రెండు కావాలా అని అడుగుతారా? మరుగుదొడ్డికి గొళ్లెం లేదని లీడర్ కాగితం రాసిస్తే దానిమీద ఎవరైనా సంతకం పెట్టి జవాబిస్తారా? నాయకత్వమంటే మైకు ముందు నిలబడటం అని నేర్పుతున్నాం, పక్కవాడికి ఏం కావాలో చూసి పెట్టడం అని ఎక్కడా నేర్పడం లేదు. ఆ రెండోది ఎవరూ నేర్పకుండానే ఈ పిల్లకి వచ్చింది. వచ్చినందుకు తిట్లు తింది.

ఫోన్ గురించి ఎదుటివాళ్ల మాట నాకు తెలియక కాదు. ఆస్ట్రేలియా 2025 డిసెంబర్‌లో పదహారేళ్లలోపు పిల్లలకి సోషల్ మీడియా ఖాతాలు లేకుండా చట్టం అమల్లోకి తెచ్చింది, మన దగ్గరా అలాంటిది రావాలనేవాళ్లు ఉన్నారు. నోట్స్ పేరుతో మొదలుపెట్టి రీల్స్‌లో తేలతారు, ఒకడు రాసింది నలభైమంది చదివితే ఎవడి బుర్రా పనిచేయదు, అంటారు. రీల్స్ సంగతి ఒప్పుకుంటాను, మా ఇంట్లోనూ ఆ గొడవ ఉంది. కానీ ఒకటి అడుగుతాను. గైడు కొనుక్కున్నవాడి బుర్ర పనిచేస్తుందా? ట్యూషన్ సారు ఇచ్చిన ఇంపార్టెంట్ కొశ్చన్ల జెరాక్స్ చదివినవాడి బుర్ర పనిచేస్తుందా? డబ్బిచ్చి కొంటే మెటీరియల్, ఊరికే పంచితే కాపీ. ఈ లెక్క నాకు ఎక్కదు.

అసలు ఆన్‌లైన్లో పంచడం గురించి పిల్లలకి నీతులు చెప్పే అర్హత మనకి ఉందా అన్నది నా ప్రశ్న. గత కొన్నేళ్ల పదో తరగతి పరీక్షలు చూడండి. 2023 ఏప్రిల్ 3న తెలంగాణలో పరీక్షలు మొదలైన రోజే తాండూరు నుంచి తెలుగు పేపర్ వాట్సాప్‌లోకి వచ్చింది. ఆ కేసులో పట్టుకున్నది ఇన్విజిలేషన్ చేయాల్సిన టీచర్‌ని. మర్నాడు హనుమకొండ జిల్లా కమలాపూర్ నుంచి హిందీ పేపర్ బయటికొచ్చింది. అది ఒక జాతీయ పార్టీ రాష్ట్ర అధ్యక్షుడి అరెస్టు దాకా వెళ్లింది, వారం రోజులు టీవీల్లో అదే చర్చ, పెద్దవాళ్లు పెద్దవాళ్లని తిట్టుకున్నారు. మధ్యలో ఆ పేపర్ ఫొటో తీసిన కిటికీ దగ్గర కూర్చుని పరీక్ష రాస్తున్న కుర్రాణ్ని డిబార్ చేశారు. పార్టీలకి తర్వాత ఎన్నికలొచ్చాయి, ఆ కుర్రాడి గురించి మాట్లాడటం ఎప్పుడో మానేశారు.

రెండేళ్లయ్యాక మళ్లీ అదే. 2025 మార్చిలో నల్గొండ జిల్లా నకిరేకల్‌లో, అదీ పరీక్షల తొలిరోజు తెలుగు పేపర్‌కే, బయటి నుంచి ఎవరో కిటికీ దగ్గరికొచ్చి ఒక అమ్మాయి చేతిలోని ప్రశ్నపత్రం ఫొటో తీసుకున్నారు. చూపించకపోతే రాయితో కొడతామని బెదిరించారని ఆ అమ్మాయి ఏడుస్తూ చెప్పింది. ఆమెనీ డిబార్ చేశారు. ఒక్కసారి ఆ గదిలో కూర్చుని చూడండి. ముందు బెంచీ మీద హాల్ టికెట్, కిటికీకి అవతల గుర్తుతెలియని మొగవాళ్లు, ఇవతల పదిహేనేళ్ల పిల్ల. కేంద్రం చుట్టూ నిషేధాజ్ఞలు, గేటు దగ్గర పోలీసు, లోపల ఇన్విజిలేటర్, పైన చీఫ్ సూపరింటెండెంట్, ఇంతమంది ఉండి కిటికీ దాకా మనిషి రాకుండా ఆపలేకపోయారు. అందరికంటే చిన్నది, అందరికంటే తక్కువ అధికారం ఉన్నది ఎవరో చూసి శిక్ష ఆమె మీదికి తోశారు. ఆ అమ్మాయి నేర్చుకోవాల్సిన తెలుగు పాఠం ఇంకేం మిగిలింది?

ఇక ఫలితాల రోజు చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఏప్రిల్ 23న పదో తరగతి ఫలితాలు వచ్చాయి. ప్రభుత్వం వాళ్ల మన మిత్ర వాట్సాప్ నంబర్‌కి హాయ్ కొట్టి రోల్ నంబర్ ఇస్తే మార్కులు వచ్చేశాయి. మంచిదే, నేను తప్పుపట్టను, ఇంటర్నెట్ సెంటర్ ముందు క్యూ కట్టిన తరం మాది. కానీ ఆ రోల్ నంబర్ ఎవరి దగ్గరుంటుంది? ఫలితాలకి నాలుగురోజుల ముందు నుంచే బాబాయి, పెదనాన్న, ఎదురింటి ఆంటీ, అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ దాకా అందరూ "నంబర్ పంపమ్మా, నేను చూసి చెప్తా" అంటారు. పిల్ల చూసుకునేలోపే ఫ్యామిలీ గ్రూపులో స్క్రీన్‌షాట్ పడుతుంది. కింద పువ్వులు, దండాలు, లేకపోతే పువ్వులు లేకుండా "పర్లేదులే" అని ఒక్క మాట. పర్లేదులే అన్న మాటంత చెడ్డ మాట మన భాషలో ఇంకోటి లేదు. ఆ ఏడాది కాకినాడ అమ్మాయి ఒకరికి 600కి 600 వచ్చాయి, ఆ పిల్ల కష్టానికి నమస్కారం. కానీ ఆ ఫొటో మా ఫ్యామిలీ గ్రూపులో ఫార్వర్డ్ చేసిన మనిషి ఉద్దేశం ఆ అమ్మాయిని మెచ్చుకోవడం కాదని అందులో ఉన్న పదో తరగతి పిల్లలందరికీ తెలుసు.

స్కూళ్లు ఇంకో మెట్టు పైనుంటాయి. మా బంధువుల పిల్లాడి స్కూల్లో స్లిప్ టెస్ట్ అయిన ప్రతిసారీ తల్లిదండ్రుల గ్రూపులో లిస్టు పెడతారు, మార్కుల వరసలో, చివరి ముగ్గురి పేర్లూ ఎర్ర రంగులో. ఎనభైమంది పెద్దవాళ్లు చూసే చోట. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివాళ్లంతా పిల్లలేననీ, వాళ్ల వివరాలు వాడుకోవాలంటే తల్లిదండ్రుల అనుమతి తీసుకోవాలనీ చెబుతుంది, 2025 నవంబర్‌లో దానికి నియమాలు కూడా వచ్చాయి. ఆ ఎర్ర రంగుకి ఎవరి అనుమతి తీసుకున్నారు? మన రాష్ట్రంలో 2022 జూన్‌లో, ర్యాంకులతో ప్రకటనలిస్తే మూడు నుంచి ఏడేళ్ల దాకా జైలు అని ప్రభుత్వం ఉత్తర్వు కూడా ఇచ్చింది. ఫలితాల మర్నాడు పేపర్ మొదటి పేజీ తిరగేయండి, ఆ ఉత్తర్వు గట్టితనం మీకే తెలుస్తుంది.

అంటే ఏమైంది? మార్కులు పంచితే గర్వం, మ్యాప్ పంచితే నేరం. పిల్ల మొహం ఫ్లెక్సీ మీదికెక్కితే కీర్తి, పిల్ల చేతిరాత పక్కవాడి ఫోన్లోకెళ్తే చెడిపోవడం. నాకు పరీక్షల మీద కోపం లేదు. పదోతరగతికి ఒక పరీక్ష ఉండాలి, మూడుగంటలు కూర్చుని సొంతంగా రాయాలి, దాన్లో ఒక గౌరవం ఉంది. నా కోపం పరీక్ష గది బయట కూడా పరీక్ష గది రూల్సే నడపడం మీద. గదిలో పక్కవాడికి చూపించకూడదు, నిజమే, అది ఆ మూడుగంటల రూలు. మనం దాన్ని పదేళ్ల బడి మొత్తానికీ సాగదీశాం. జవాబు చేత్తో కప్పుకుని రాసుకోవడం అలవాటైన పిల్లాడు, రేపు ఆఫీసులో ఫైలు కప్పుకుంటాడు, పంచాయతీలో లెక్కలు కప్పుకుంటాడు.

ఇక్కడ గ్రంథాలయాల గురించి నా పాత పాట మొదలుపెడతాను, తెలిసినవాళ్లు నవ్వుకోండి. తెలుగువాళ్లకి పంచుకోవడం వాట్సాప్ నేర్పలేదు. 1901లో హైదరాబాద్‌లో శ్రీకృష్ణదేవరాయ ఆంధ్ర భాషా నిలయం పెట్టినవాళ్లు, 1914లో బెజవాడలో గ్రంథాలయాల మహాసభ జరిపిన అయ్యంకి వెంకటరమణయ్య గారి లాంటివాళ్లు చేసిన పని ఏంటి? నా దగ్గరున్న కాగితం నీక్కూడా పనికొస్తుంది, తీసుకో అన్నారు. మా తెనాలి పక్కనే, 1935లో పాతూరి నాగభూషణం గారి పూనికతో, కొల్లిపర - పెదవడ్లపూడి వైపు కాలువలో పుస్తకాలేసుకుని పడవ తిరిగింది. రేవు దగ్గర ఆగేది, బట్టలుతుక్కునే చోటికి పుస్తకమొచ్చేది. ఆ పడవకీ, రాత్రి పదకొండింటికి క్లాసు గ్రూపులో పడ్డ మ్యాప్‌కీ నాకు పెద్ద తేడా కనపడదు. నడిపినవాళ్ల మొహం ముందుండదు, వస్తువు ముందుంటుంది.

ఇప్పటికీ మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ సెస్సు కడుతున్నాం. 1960 నాటి చట్టం ప్రకారం వచ్చే డబ్బది. స్థానిక సంస్థలు వసూలు చేసుకుని గ్రంథాలయ సంస్థకి జమచేయకుండా బకాయి పెట్టడం ఏళ్లనాటి జబ్బు. పిల్లలు ఫోన్లకి అతుక్కుపోయారని ఏడ్చే ఊళ్లో శాఖా గ్రంథాలయం సాయంత్రం ఎన్నింటికి తెరుస్తారో ఆ ఏడ్చేవాళ్లలో ఒక్కరికీ తెలియదు.

మొన్న ఆదివారం మా పిల్లని తీసుకెళ్లాను. పోటీ పరీక్షలకి చదువుకునే కుర్రాళ్లు పదిమంది ఉన్నారు, రెండు ఫ్యాన్లు, ఒకటే తిరుగుతోంది. బీరువా అడుగు అరలో పాత అట్లాసు దొరికింది, బైండు ఊడిపోయి, కానీ గోదావరి పుట్టినచోటి నుంచి సముద్రం దాకా ఉపనదులన్నీ రంగుల్లో ఉన్నాయి. కాసేపు వేలితో గీతలు వెంట పోయింది. తర్వాత లైబ్రేరియన్ గారి దగ్గరికెళ్లి, "సార్, ఇది ఫొటో తీసి మా క్లాసు గ్రూపులో పెట్టుకోవచ్చా?" అని అడిగింది. ఆయన కళ్లజోడు పైకి నెట్టుకుని, "పెట్టుకో అమ్మా, మూల కనపడేట్టు తియ్యి" అన్నారు.