చీకటి గదిలో చిత్రగుప్తుడు

డార్క్‌రూమ్‌లో, అంటే ఫిల్ము నెగటివు నుంచి కాగితం మీదకు బొమ్మ దించే చీకటి గదిలో, ఫొటోలు ప్రింట్ చేసేవారు ప్రతి ప్రింటుకూ వివరాలు రాసి పెట్టుకోవాలని అనుభవజ్ఞులు చెబుతారు. ఆ మాటను శిరసావహించి నేను కొన్నేళ్లుగా ఒక లావుపాటి పుస్తకాన్ని నింపుతున్నాను. ప్రింట్లు తీయడానికి నోట్సు ఎంతవరకు అవసరమో ఇంకా తేలలేదు గాని, నోట్సు రాయడానికి ప్రింట్లు చాలా అవసరమని మాత్రం రూఢి అయింది.

నిదర్శనంగా ఒక పుటను పరిశీలిద్దాం. 'ఎఫ్/8, 16 సెకన్లు, గ్రేడ్ రెండున్నర, డెవలపర్ ఒక పాలుకు తొమ్మిది పాళ్ల నీళ్లు, 20 డిగ్రీలు, కుడి మూల కొంచెం ఎక్కువ, ఆకాశం ముందులాగే' అని అందులో ఉంది. మొదటి అయిదు వివరాలూ ఎంతో శాస్త్రీయంగా ఉన్నాయి. ఎందుకంటే అవి వరసగా లెన్సు (రంధ్రం పరిమాణం), టైమరు (వెలుగు పడిన వ్యవధి), ఫిల్టరు (నలుపు-తెలుపుల తేడా), కొలపాత్ర (బొమ్మను తేల్చే డెవలపర్ రసాయనం పాళ్లు), థర్మామీటరు చెప్పినవి. చివరి రెండూ నేను చెప్పినవి. 'కొంచెం' అనే కొలమానానికి ప్రమాణం నాకు ఆ రాత్రి నిశ్చయంగా తెలుసు. 'ముందులాగే' అన్నది ఏ ముందో కనుక్కుందామని వెనక పుట తిప్పితే అక్కడ 'పైదే' అని ఉంది, ఆ పైన 'నిన్నటిదే' అని ఉంది, నిన్నటి పుట ఫిక్సరుతో, అంటే తేలిన బొమ్మను స్థిరపరిచే రసాయనంతో, తడిసి దాని ముందు పుటకు అతుక్కుపోయి ఉంది. ఇన్ని రాసినవాడు ఎన్‌లార్జరు (నెగటివులోని బొమ్మను కాగితం మీద పెద్దదిగా పడేసే దీపయంత్రం) తలను ఎంత ఎత్తులో నిలిపాడో రాయలేదు. తల పైకి లేచేకొద్దీ వెలుగు పలచబడుతుంది కాబట్టి, ఎత్తు తెలియని 16 సెకన్లకు దూరం తెలియని ప్రయాణ చార్జీకి ఉన్నంత విలువే ఉంటుంది.

రాయడంలోని సాధకబాధకాలు కూడా చరిత్రకెక్కాలి. ముఖ్యమైన అంకెలు కొట్టొచ్చినట్లు కనబడాలని ఒకసారి వాటిని ఎర్ర సిరాతో రాశాను. ఫొటో కాగితాన్ని పాడుచెయ్యని ఎర్ర దీపం, అంటే సేఫ్‌లైటు, కింద ఎర్ర సిరా తెల్ల కాగితంలో కలిసిపోతుందన్న సంగతి, ఖాళీగా కనబడిన ఆ పుట మీదే మరో ప్రింటు వివరాలు కూడా రాసి, తెల్లవారి చూసుకున్నాక తెలిసింది. ఇక చేతుల విషయానికొస్తే, పద్ధతి ప్రకారం ట్రేలో చెయ్యి పెట్టినప్పుడల్లా కడుక్కుని, తుడుచుకుని, ఆ తర్వాతే పెన్సిలు పట్టాలి. కానీ డెవలపరులో బొమ్మ తేలుతున్న ఆ నిమిషంన్నర పాటు తువ్వాలు కోసం వెతికే నిగ్రహం ఎవరికుంటుంది? అందువల్ల ఫిక్సరు వేలి నుంచి పుస్తకానికి, పుస్తకం నుంచి మళ్లీ వేలికి, అక్కడి నుంచి కొత్త కాగితానికి చేరి, డెవలప్ చేశాక ఒక తెల్లటి వేలిముద్రగా దర్శనమిస్తుంది. నా రికార్డుల్లో సంతకంతో సహా ఉన్నది అదొక్కటే.

యంత్రాలు చేసే పనిని రాయడం ఎంత తేలికో, చేతులు చేసే పనిని రాయడం అంత కష్టం. ముఖం మరీ నల్లబడకుండా తీగకు అతికించిన అట్టముక్కతో కాసేపు వెలుగును అడ్డుకోవడం, ఆకాశానికి అట్టలోని రంధ్రంలోంచి అదనంగా వెలుగు పోసి నల్లబరచడం ప్రింటింగులో అసలు విద్య. ఆరితేరినవారు ప్రింటుకు ఒక రేఖాపటం గీసి, ఎక్కడ ఎన్ని సెకన్లు తగ్గించారో, ఎక్కడ ఎన్ని పెంచారో ప్లస్సులూ మైనస్సులతో గుర్తు పెట్టుకుంటారు. నేనూ గీశాను. వాతావరణ పటాన్ని పోలిన ఆ చిత్రంలో ముఖం ఎటువైపు ఉందో పోల్చుకోలేక, రెండోసారి ప్రింట్ చేసినప్పుడు ముఖానికి దక్కవలసిన నీడను భక్తిశ్రద్ధలతో గోడకు పట్టాను. గోడ మాత్రం అద్భుతంగా వచ్చింది.

పుస్తకంలో 'అభిప్రాయం' అనే గడి కూడా ఒకటి పెట్టుకున్నాను. అందులో దాదాపు ప్రతిచోటా 'అద్భుతం' అనే ఉంది. అవన్నీ కాగితం తడిగా ఉన్నప్పుడు రాసినవి. తడి ప్రింటులో తెలుపులు మెరుస్తాయి. ఆరాక, ముఖ్యంగా ప్లాస్టిక్ పూత లేని ఫైబరు కాగితంలో, అవి ఒక పిసరు మసకబారుతాయి. కనుక తీర్పు రాత్రి వెలువడుతుంది, సాక్ష్యం మర్నాడు అందుతుంది. అయినా కొట్టివేతలు రికార్డుకు శోభ కాదు గనక 'అద్భుతం' అలాగే ఉంచేశాను.

కొన్ని పుటలు పరిపూర్ణంగా ఉన్నాయని ఒప్పుకోవాలి. అవి కోడాక్ కాగితం గురించినవి. ఆ సంస్థ నలుపు-తెలుపు కాగితాల తయారీని 2005లో ఆపేసింది. పోయిన రాజ్యపు భూమి కొలతలు శాసనాల్లో ఎంత స్పష్టంగా ఉంటాయో, ఆ అంకెలూ అంత స్పష్టంగా ఉన్నాయి.

నా లోపాలకు పెద్దల నుంచి కొంత ఊరట దొరికింది. ప్రఖ్యాత అమెరికన్ ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ అమెరికాలో న్యూమెక్సికోలోని హెర్నాండెజ్ మీద చంద్రోదయాన్ని ఫొటో తీసినప్పుడు ఆయనకు లైట్ మీటరు చేతికి దొరకలేదు. చంద్రుడి ప్రకాశం చదరపు అడుగుకు 250 క్యాండిళ్లని కంఠతా ఉండటంతో దాన్నిబట్టి ఎక్స్‌పోజర్, అంటే ఫిల్ము మీద ఎంత వెలుగు పడాలో, లెక్కగట్టారు. తర్వాత దశాబ్దాల పాటు అదే నెగటివును ప్రింట్ చేస్తూ, పోనుపోను ఆకాశాన్ని ఇంకా ఇంకా నల్లగా దించారు. ఇంతటి మనిషి ఫొటో తీసిన తేదీ రాసుకోలేదు. 1940 నుంచి 1944 దాకా రకరకాల సంవత్సరాలు చెబుతూ వచ్చారు. చివరికి డేవిడ్ ఎల్మోర్ అనే ఖగోళ పరిశోధకుడు ఫొటోలోని చంద్రుడి స్థానాన్నిబట్టి అది 1941 అక్టోబరు 31 అని లెక్కతేల్చారు. 1991లో డెనిస్ డి చికో అనే మరో ఖగోళ పరిశీలకుడు దాన్ని సవరించి నవంబరు 1, సాయంత్రం 4 గంటల 49 నిమిషాల 20 సెకన్లు అన్నారు.

నా పుస్తకంలో అలాంటి పొరపాటు లేదు. ప్రతి పుటకూ తేదీ ఉంది, వారం ఉంది, పని మొదలైన వేళా ముగిసిన వేళా ఉన్నాయి. నెగటివు నంబరే లేదు. చంద్రుణ్ణి అడుగుదామంటే, ఉన్నవన్నీ పగటి ఫొటోలే.