‘బాధ్యత అంతా కాంట్రాక్టర్‌దే’ అని రాయించుకుంటే సరిపోతుందా?

కట్టడం పని మొదలుపెట్టేవాళ్లకు చేతులు మారుతూ వస్తున్న సలహా ఒకటుంది. దాని సారాంశం ఇది: “అగ్రిమెంటులో ‘పనిలో ఏ ప్రమాదం జరిగినా, ఎవరికి ఏ నష్టం వచ్చినా పూర్తి బాధ్యత కాంట్రాక్టర్‌దే’ అని ఒక్క వాక్యం రాయించుకోండి. గోడ కూలినా, మనిషి పోయినా మీ జోలికి ఎవరూ రారు. తప్పు మీదైనా ఆ వాక్యమే కాపాడుతుంది. ఇంజనీర్ సంతకం ఉత్త లాంఛనం. ఏడాది గడువు దాటితే ఇక ఎవరికీ ఏ బాధ్యతా ఉండదు.”

ఇందులో కొంత నిజం ఉంది, అందుకే ఇంతగా నమ్ముతున్నారు. సొంతంగా పని నడుపుకునే కాంట్రాక్టర్ చేసిన నిర్లక్ష్యానికి, పని అప్పజెప్పినవాడు మామూలుగా జవాబుదారీ కాడు. దీనికి ఆ వాక్యం కూడా అక్కర్లేదు. తేడా వచ్చేది ‘ఎవరికి ఏ నష్టం వచ్చినా’ అన్న చోట. అగ్రిమెంటు మీద సంతకాలు రెండే ఉంటాయి. పక్కింటివాడు సంతకం పెట్టలేదు, దారిన పోయేవాడూ పెట్టలేదు. వాళ్ల హక్కును మీరిద్దరూ కూర్చుని రాసుకున్న కాగితం ఎలా కొట్టేస్తుంది?

సరిగ్గా ఇదే గొడవ 1876లో ఇంగ్లండ్‌లో కోర్టుకెక్కింది. బోవర్ వర్సెస్ పీట్ అని ఆ కేసు పేరు. ఒకాయన తన పాత ఇంటిని పడగొట్టి, పునాది తవ్వించి, కొత్తగా కట్టించుకోవాలనుకున్నాడు. పక్కింటి గోడకు ఆసరా ఈయన నేలే. ఆ ఇంటికి దన్ను కట్టే పూచీ, దెబ్బ తగిలితే బాగుచేయించే పూచీ కాంట్రాక్టర్‌దేనని ఒప్పందంలో శుభ్రంగా రాయించుకున్నాడు. కాంట్రాక్టర్ పెట్టిన దన్ను చాలలేదు. పక్కిల్లు దెబ్బతింది. ‘నాకేం సంబంధం, కాగితం చూడండి’ అన్నాడు ఓనర్. కోర్టు ఒప్పుకోలేదు. జాగ్రత్త పడకపోతే పక్కవాడికి హాని తప్పదని తెలిసిన పని చేయించేటప్పుడు, ఆ జాగ్రత్త జరిగేలా చూడడం చేయించేవాడి విధి, ఇంకొకరికి అప్పజెప్పినంత మాత్రాన అది దిగిపోదని చెప్పింది.

మరి ఆ వాక్యం ఎందుకు పనికొస్తుంది? ఓనర్ ముందు పక్కవాడికి పరిహారం చెల్లించి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవడానికి. అప్పటికి కాంట్రాక్టర్ దగ్గర డబ్బుండాలి, ఫోన్ ఎత్తాలి.

కూలీల విషయంలో చట్టాలు ఇంకొంత ముందుకెళ్లాయి. భారతదేశంలో 1923 నాటి ఉద్యోగుల పరిహార చట్టంలోని (2025 నవంబరులో దీని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది) 12వ సెక్షన్ చూడండి. తన వ్యాపారంలో భాగమైన పనినే కాంట్రాక్టుకిచ్చిన యజమాని నుంచి కూడా కాంట్రాక్టర్ కింద పనిచేసే కూలీ పరిహారం అడగొచ్చని అందులో ఉండేది. కట్టిన సొమ్మును యజమాని కాంట్రాక్టర్ నుంచి రాబట్టుకోవాల్సి ఉండేది. పరిహారం అడగనని కూలీ చేత ముందే రాయించుకున్న ఒప్పందం చెల్లదని 17వ సెక్షన్ చెప్పేది.

ఇక ‘తప్పు మీదైనా’ అన్న మాట. 1952లో ప్రీవీ కౌన్సిల్ (కెనడా అప్పీలును విన్న లండన్ కోర్టు) తీర్పిచ్చిన కెనడా స్టీమ్‌షిప్ కేసు దీనికి తగిన జవాబు. కెనడా ప్రభుత్వం దగ్గర ఒక కంపెనీ గోదాము లీజుకు తీసుకుంది. సరుకుకు ఏం జరిగినా ప్రభుత్వాన్ని అడగకూడదని లీజులో ఉంది. గోదాము మరమ్మతుకు వచ్చిన ప్రభుత్వ పనివాళ్లు గ్యాస్ మంటతో పనిచేస్తుంటే నిప్పురవ్వలు పత్తి బేళ్ల మీద పడ్డాయి. గోదాము తగలబడింది. ‘ఏం జరిగినా’ అన్న మాటలోకి ‘మా నిర్లక్ష్యం వల్ల జరిగినా’ అన్నది దానంతటదే వచ్చి చేరదన్నారు న్యాయమూర్తులు. తన తప్పు భారాన్ని ఎదుటివాడి నెత్తిన పెట్టాలనుకుంటే ఆ సంగతి స్పష్టంగా రాయాలి. స్పష్టంగా రాసినా కొన్నిచోట్ల చెల్లదు. బ్రిటన్‌లో 1977 నాటి చట్టం ప్రకారం, నిర్లక్ష్యంతో ప్రాణం తీసిన, గాయపరిచిన బాధ్యతను ఏ క్లాజుతోనూ తప్పించుకోలేరు. కాలిఫోర్నియా సివిల్ కోడ్ 2782వ సెక్షన్ ప్రకారం, పూర్తిగా తన నిర్లక్ష్యం వల్లే జరిగిన హానికి ఎదుటివాడు పూచీపడాలని నిర్మాణ ఒప్పందంలో రాసుకుంటే, మామూలుగా అది చెల్లని రాతే.

‘ఇంజనీర్ సంతకం ఉత్త లాంఛనం’ అన్నవాళ్లు అమెరికాలో మిజోరీ రాష్ట్రపు కాన్సస్ సిటీలోని హయత్ రీజెన్సీ హోటల్ సంగతి చదవాలి. లాబీలో రెండో అంతస్తు నడక వంతెన, నాలుగో అంతస్తుది ఒకదాని కింద ఒకటి పైకప్పుకు వేలాడేవి. రెంటినీ మోసేలా పొడవాటి ఒకే కడ్డీ ఉండాలన్నది మొదటి డిజైన్. ఉక్కు పని చేసే సంస్థ, అమర్చడం సులువని, దాన్ని రెండు ముక్కలు చేసింది: పైకప్పు నుంచి నాలుగో అంతస్తు దాకా ఒకటి, అక్కణ్నుంచి రెండో అంతస్తు దాకా ఒకటి. దాంతో కింది వంతెన బరువు కూడా పై వంతెన దూలానికి వేలాడింది. ఆ దూలానికి కడ్డీ కలిసే అతుకు మీద బరువు రెట్టింపయింది. డ్రాయింగులు ఇంజనీర్ల దగ్గరికి వచ్చాయి. ఆమోద ముద్ర పడింది. 1981 జులై 17న రెండు వంతెనలూ కూలి 114 మంది చనిపోయారు. అతుకుల లెక్క ఉక్కు సంస్థే చూసుకోవడం మా రంగంలో ఆనవాయితీ అన్నారు ఇంజనీర్లు. మిజోరీ రాష్ట్రం వినలేదు, లైసెన్సులు రద్దు చేసింది. 1988లో అప్పీలు కోర్టూ దాన్నే సమర్థించింది. కడ్డీ మార్చిన ఆలోచన వాళ్లది కాకపోయినా, చూసి సరేనన్నది వాళ్లే కదా.

ఏడాది గడువు సంగతికి ఎక్కువ మాటలక్కర్లేదు. అది కాంట్రాక్టర్ తిరిగొచ్చి లోపాలు సరిచేయాల్సిన గడువు. అది ముగిస్తే దావా హక్కు కూడా ముగుస్తుందని అనుకోవడం పొరపాటు. ఫ్రాన్స్ సివిల్ కోడ్ అయితే, కట్టడం నిలకడనే దెబ్బతీసే లోపాలకు కట్టినవాళ్లనూ ఆర్కిటెక్టునూ పదేళ్లు పట్టుకుంటుంది.

ఆ సలహాలో అసలు లేనిది బీమా ఊసు. కాంట్రాక్టర్ నిర్లక్ష్యానికి బీమా దొరుకుతుంది. కానీ చట్టప్రకారం తనమీద లేని బాధ్యతను ఒప్పందంలో నెత్తినేసుకుంటే, ఆ అదనపు భాగాన్ని చాలా పాలసీలు మినహాయిస్తాయి. అంటే క్లాజు ఎంత కటువుగా రాయిస్తే, దాని వెనక బీమా డబ్బు లేకుండా పోయే ప్రమాదం అంత ఎక్కువ. కాబట్టి నేనైతే ‘ఏం జరిగినా’ అన్నది కొట్టేసి, ‘కాంట్రాక్టర్, అతని సబ్‌కాంట్రాక్టర్లు, పనివాళ్ల నిర్లక్ష్యం ఎంతమేరకు కారణమైతే అంతమేరకు’ అని రాయిస్తాను. తవ్వకానికి దన్ను డిజైన్ ఎవరిది, ఎవరు చూసి ఆమోదించాలి అన్నది పేరు పెట్టి విడిగా రాయిస్తాను. పాలసీ కాపీ చేతికొచ్చి, మినహాయింపుల పేజీ చదివాకే గునపం దించనిస్తాను.