బల్ల మీద కొవ్వొత్తులు ఎవరు వెలిగించారు?

1942 మే నెలలో నాజీ ప్రచార విభాగం కెమెరా బృందం పోలండ్‌లో యూదులను నిర్బంధించిన పేట, వార్సా ఘెట్టోలో అడుగుపెట్టింది. యూదు మండలి అధ్యక్షుడు ఆడమ్ చెర్నియకోవ్ కార్యాలయంలో గోడలకున్న బొమ్మలూ పట్టికలూ తీసేయించింది. ఆయన బల్ల మీద తొమ్మిది కొమ్మల దీపస్తంభం పెట్టించి, కొవ్వొత్తులన్నీ వెలిగించింది. అర్జీదారులు, రబ్బీలు (యూదు మతగురువులు) గదిలోకి వస్తున్నట్టు ఒక సన్నివేశం నడిపించింది. ఇదంతా చెర్నియకోవ్ డైరీలో రాసుకున్నాడు. జూలై 22న ఘెట్టో నుంచి ట్రెబ్లింకా మృత్యుశిబిరానికి యూదుల తరలింపులు మొదలయ్యాయి. మర్నాడు ఆయన ఆత్మహత్య చేసుకున్నాడు.

ఆ చిత్రం పూర్తి కాలేదు. దాదాపు గంట నిడివున్న మూకీ రీళ్లు యుద్ధం తర్వాత తూర్పు జర్మనీలో బయటపడ్డాయి. అసలు చిక్కు అక్కడే మొదలైంది. నాజీలను బోనులో నిలబెట్టాలనుకున్న దర్శకులే దశాబ్దాలపాటు ఆ దృశ్యాలను వాడుకున్నారు. వ్యాఖ్యానం మారింది, సంగీతం మారింది, షాట్ మాత్రం అదే. ఆకలితో పడివున్న పిల్లలను దాటుకుంటూ పోయే సంపన్న యూదులు అన్న కథను కెమెరా ముందే అల్లి పెట్టింది. పైనుంచి ఎంత సానుభూతిగా మాట్లాడినా అది చెరిగేది కాదు. 1998లో దొరికిన మరో రీలులో అవే ఘట్టాలను మళ్లీ మళ్లీ తీసిన ముక్కలున్నాయి. ఇజ్రాయెలీ దర్శకురాలు యాయెల్ హెర్సోన్‌స్కీ 2010లో వాటిని డైరీల పక్కన పెట్టి చూపించేదాకా మామూలు ప్రేక్షకుడికి ఈ సంగతి తెలిసే దారి లేదు.

అలాగని, ఏర్పాటు చేసి తీసిందల్లా అబద్ధమని కొట్టిపారేయలేం. ఫ్రెంచి దర్శకుడు క్లోడ్ లాంజ్‌మన్ యూదుల ఊచకోత మీద తీసిన 1985 నాటి డాక్యుమెంటరీ ‘షోవా’లో పాత దృశ్యం ఒక్కటీ వాడలేదు. తొమ్మిది గంటలకు పైగా మనుషులు మాట్లాడతారు, అంతే. కానీ అందులో మరపురాని ఘట్టం ఏర్పాటు చేసిందే. ట్రెబ్లింకా గ్యాస్ గదిలో స్త్రీల జుట్టు కత్తిరించాల్సి వచ్చిన ఆబ్రహం బోంబా అప్పటికే ఆ వృత్తి మానేశాడు. లాంజ్‌మన్ ఇజ్రాయెల్‌లో ఒక క్షౌరశాల అద్దెకు తీసుకుని, ఆయన చేతికి కత్తెర ఇప్పించి, జుట్టు కత్తిరిస్తూ చెప్పమన్నాడు. ఒకచోట బోంబా గొంతు పెగలదు. ఇక వద్దంటాడు. దర్శకుడు వదలడు. చూసిన ప్రతిసారీ నాకది క్రూరంగానే అనిపిస్తుంది. అయినా ఆ సన్నివేశాన్ని నేను నమ్ముతాను. వార్సాలో ఏర్పాటు ఎదుటి మనిషి మాటను మింగేయడానికి జరిగింది, ఇక్కడ ఆ మాటను బయటికి రప్పించడానికి జరిగింది. పైగా అద్దె దుకాణం సంగతి లాంజ్‌మన్ దాచిపెట్టలేదు, తానే చెప్పాడు.

అంతమాత్రాన ఆయనకు పక్షం లేదనుకోనక్కర్లేదు. పోలిష్ గ్రామస్థుల యూదు ద్వేషానికి చోటిచ్చి, ప్రాణాలకు తెగించి యూదులను దాచినవాళ్లను పక్కన పెట్టాడని పోలండ్‌లో పెద్ద గొడవే అయింది. ఆ ఫిర్యాదులో అప్పటి ప్రభుత్వ స్వార్థముంది, కొంత నిజమూ ఉంది.

ఇప్పుడు పాత యుద్ధ దృశ్యాలకు రంగులద్ది, తుపాకుల చప్పుళ్లు కలిపి చరిత్రగా వడ్డించడం మామూలైపోయింది. వార్సా దృశ్యాలు వచ్చినప్పుడు తెర అడుగున ‘నాజీ ప్రచార బృందం తీసినది, 1942 మే’ అని వేయడానికి పైసా ఖర్చు కాదు. అయినా వేయని వాళ్లున్నారు. వేస్తే షాట్ పట్టు సడలుతుందని వాళ్ల భయం కాబోలు.