కోఠి ప్రేమకథలో బందరు ఏమైంది?

ఫ్యామిలీ గ్రూపులో అదే, కాలేజీ గ్రూపులో అదే, ఇప్పుడు అపార్ట్‌మెంట్ గ్రూపులోనూ అదే ఫార్వర్డ్. నిజాం యువరాణి ఖైరున్నీసా, శత్రుపక్షం దొర కిర్క్‌పాట్రిక్ యుద్ధం మధ్యలో ప్రేమించుకున్నారట. ఆమె కోసం ఆయన కోఠిలో మహల్ కట్టాడట. ఆయన పోయాడని తెలియగానే ఆమె బెంగతో ప్రాణం విడిచిందట. కింద వరసగా ఎర్ర గుండెలు.

యువరాణి కాదు, మీరాలం చెరువుకు పేరిచ్చిన మీరాలం బంధువుల పిల్ల. కోఠిలోది ఈస్టిండియా కంపెనీ రెసిడెన్సీ, అంటే నిజాం దగ్గర కంపెనీ ప్రతినిధి (రెసిడెంటు) ఉండే చోటు. అప్పటి ఆ రెసిడెంటే కిర్క్‌పాట్రిక్. ఆమె ఉన్నది ఆ ఆవరణలోని రంగ్‌మహల్‌లో, దాన్ని తర్వాత కూలగొట్టారు.

శత్రుపక్షమా? 1798లోనే నిజాం కంపెనీతో ఒప్పందం చేసుకున్నాడు. 1799లో టిప్పు మీదికి ఇద్దరి సేనలూ కలిసే వెళ్లాయి. 1800లో కంపెనీ సేన ఖర్చు కింద నిజాం సీమ జిల్లాలు రాసిచ్చాడు, ఆ బేరం నడిపింది మన హీరోగారే. ఇంత అనుకూలమైన శత్రువు ఎవరికి దొరుకుతాడు!

ప్రేమ ఉత్తదని మాత్రం నేననను. ఆమె కోసం ఆయన మతం మారాడు. పైవాళ్లు విచారణ వేసినా, ఉద్యోగం పోయే టెన్షన్ ఉన్నా ఆమెను వదల్లేదు. అప్పటికి ఆమెకు దాదాపు 14 ఏళ్లు, ఆయనకు 35. ఫార్వర్డ్‌లో ఈ లెక్క కనపడదు.

నాకు మండేది చివరి ముక్క దగ్గర. 1805లో ఇద్దరు పసిపిల్లల్నీ ఇంగ్లండ్ ఓడెక్కించారు. తల్లి వాళ్లను మళ్లీ చూడలేదు. అదే ఏడు అక్టోబరులో కిర్క్‌పాట్రిక్ కలకత్తాలో పోయాడు. ఆమె బెంగతో పోలేదండీ, ఇంకా ఎనిమిదేళ్లు బతికింది. ఎలా బతికిందో రాస్తే గుండెలు పెట్టడం కష్టం. సమాధి చూడటానికి కలకత్తా వెళ్లింది. అక్కడ భర్త దగ్గర పనిచేసిన హెన్రీ రస్సెల్ దగ్గరయ్యాడు. ఊరంతా పొక్కాక ఆమెను హైదరాబాద్‌లో అడుగు పెట్టనివ్వలేదు. బందరులో ఉండాల్సి వచ్చింది. రస్సెల్ మద్రాసులో వేరే పెళ్లి చేసుకున్నాడు. అతగాడికేమైంది? 1811లో దర్జాగా హైదరాబాద్ రెసిడెంటుగా వచ్చి కూర్చున్నాడు. చివరికి ఆమె కూడా ఈ ఊరు చేరింది, 1813లో చనిపోయింది. 27 ఏళ్లు.

ఆమె బతికిన ఆ ఎనిమిదేళ్లనే కొట్టేసి, దానికి అమర ప్రేమ అని పేరా? గుండెల్లో ఒకటి తగ్గించి, ఆ చోట బందరు చేర్చి పంపండి. అప్పుడు నేనూ ఫార్వర్డ్ చేస్తాను.