స్టాటిక్ ఐపీ రౌటర్‌లో పుట్టదు

రౌటర్‌లో వ్యాన్ (బయటి ఇంటర్నెట్ కనెక్షన్) పేజీ తెరిచి, డైనమిక్ అని ఉన్నచోట స్టాటిక్ ఎంచుకుని, అప్పటికి కనిపిస్తున్న అంకెలనే మళ్లీ రాసి సేవ్ చేస్తే స్టాటిక్ ఐపీ, అంటే ఎప్పుడూ మారని ఇంటర్నెట్ చిరునామా, ఉచితంగా వస్తుందని, నెట్ వేగం పెరుగుతుందని, ఇంటి సీసీ కెమెరాను ఎక్కడినుంచైనా చూడవచ్చని, హ్యాకర్ల బెడద ఉండదని చెప్పే సందేశం ఒకటి వాట్సాప్‌లో తెగ తిరుగుతోంది. నాలుగు మాటలూ తప్పే. మొదటిదైతే ఉన్న కనెక్షన్‌నే పోగొట్టగలదు.

చిరునామా ఇచ్చేది సర్వీస్ ప్రొవైడర్, రౌటర్ కాదు. మీరు రాసుకున్న అంకె మీకు గడువు మీద ఇచ్చినది. ఆ గడువు తీరాక ప్రొవైడర్ సర్వర్ దాన్ని ఇంకొకరికి ఇస్తే, రెండిళ్లకు ఒకే డోరు నంబరు పడినట్టవుతుంది. యూజర్‌నేమ్, పాస్‌వర్డ్‌తో నడిచే పీపీపీఓఈ కనెక్షన్ అంతదాకా కూడా రాదు. స్టాటిక్‌కి మార్చగానే రౌటర్ ఆ వివరాలు పంపడం మానేస్తుంది కాబట్టి లింకే కలవదు. నేనూ ఒకసారి ఇలాగే మార్చి, పాత పాస్‌వర్డ్ ఎక్కడా రాసుకోనందుకు, ఎర్రగా వెలుగుతున్న ఇంటర్నెట్ దీపాన్ని చూస్తూ గంటసేపు కస్టమర్ కేర్ పాట విన్నాను.

స్టాటిక్ ఐపీకి డబ్బు కట్టినవారికి ప్రొవైడర్ ఐపీ, సబ్‌నెట్ మాస్క్ (ఆ వరుసలో ఎన్ని చిరునామాలున్నాయో చెప్పేది), గేట్‌వే (బయటికి దారి ఇచ్చే ప్రొవైడర్ పరికరం), డీఎన్ఎస్ (సైట్ పేర్లను ఐపీలుగా మార్చే సర్వర్) వివరాలు ఇస్తుంది. మాస్క్ 255.255.255.252 అయితే వాడదగిన చిరునామాలు రెండే: ఒకటి గేట్‌వేది, రెండోది మీది. పీపీపీఓఈలో సాధారణంగా ఆ ఐపీని మీ ఖాతాకే ముడిపెడతారు, రౌటర్‌లో మార్చేదేమీ ఉండదు.

కెమెరా సంగతి కొంత వివరంగా చెప్పుకోవాలి. ఐపీవీ4 అనే పాత చిరునామాల పద్ధతిలో ఉన్న చిరునామాలు సుమారు 429 కోట్లే. వాటి కేంద్ర నిల్వ 2011 ఫిబ్రవరిలోనే అయిపోయింది. అందుకే చాలామంది ప్రొవైడర్లు వందల ఇళ్లను ఒక్క పబ్లిక్ చిరునామా వెనుక పెడుతున్నారు. మీ వ్యాన్ పేజీలో 100.64 నుంచి 100.127 మధ్య మొదలయ్యే అంకె కనిపిస్తే మీరూ ఆ వరుసలో ఉన్నట్టే; దాన్ని ఎంత స్థిరంగా రాసుకున్నా బయటివారికి అందదు. ఇంట్లో కెమెరాకు 192.168.1.50 లాంటి చిరునామాను డీహెచ్‌సీపీ రిజర్వేషన్‌తో (ఒక పరికరానికి ఎప్పుడూ ఒకే చిరునామా ఇమ్మని రౌటర్‌కి చెప్పే ఏర్పాటు) ఖాయం చేయడం మాత్రం నిజంగానే ఉచితం. సందేశం రాసినవారు బహుశా ఇంటి లోపలి చిరునామాను, బయటి చిరునామాను కలిపేశారు.

వేగం ప్లాన్‌ని, లైన్‌ని బట్టి ఉంటుంది. ఐపీ స్థిరమైనంత మాత్రాన అది పెరగదు.

ఇక భద్రత. మారని చిరునామా దాడి చేసేవాడికే సులువు. 2016లో మిరాయ్ అనే మాల్‌వేర్ ఇంటర్నెట్‌లో తెరిచి ఉన్న కెమెరాలను వెతికి, ఫ్యాక్టరీ పాస్‌వర్డ్‌లతోనే వాటిని వశం చేసుకుంది. కెమెరాను బయటినుంచి చూడటానికి రౌటర్‌లో పోర్ట్ (లోపలికి వచ్చే దారి) తెరిచేముందు కెమెరా పాస్‌వర్డ్ మార్చండి.