పైపుకు సరిపోని కారును ఏం చేద్దాం?

మన నల్లగొండ జిల్లాకు నీళ్ల గోస కొత్తది కాదు. 1955 డిసెంబర్ల నెహ్రూ వచ్చి సాగర్‌కు పునాది రాయి ఏసిండు, 1967ల కాల్వలకు నీళ్లు ఇడిసిండ్రు, నీళ్లల్ల ఫ్లోరైడ్ తీసేటందుకు నాగపూర్ల ఉన్న నీరి అనే పర్యావరణ పరిశోధన సంస్థోళ్లు పటిక, సున్నం కలిపి తేర్చే పద్ధతి కనిపెట్టి దానికి నల్గొండ టెక్నిక్ అని మన ఊరి పేరే పెట్టిండ్రు, 2015ల చౌటుప్పల్‌ల ఇంటింటికి నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పైలాన్ లేచింది. ఇయ్యాల కృష్ణ నీళ్లు గుట్టలెక్కి నల్లాలల్ల పడుతున్నయి. అంతా మంచిదే. కానీ ఇంజన్‌కు రేడియేటర్‌కు నడుమ జానెడు జాగ ఉంటది చూడండి, ఆ జానెడు దాటించే రబ్బరు పైపు మాత్రం జిల్లా మొత్తం ఎతికినా దొరుకుతలేదు, దీని మీద ఒక్క నాయకుడు నోరిప్పడు, ఒక్క మేనిఫెస్టోల లేదు, కనీసం గడియారం సెంటర్ల ఒక పూట రిలే దీక్ష కూడ లేదు. ఇది ప్రజాసమస్య కాదా అని అడుగుతున్న.

కారు అంబాసిడర్. మార్క్ 4, పెట్రోల్, 1489 సీసీ, మా మామ ఇష్టంగ కొనుక్కున్నది, ఆయన పోయినంక నా నెత్తికొచ్చింది. పాత కార్లల్ల నీటి పారుదల శాఖ ఎట్ల పని చేస్తదో తెల్వనోళ్ల కోసం జర ఇవరంగ చెప్తా. వాటర్ పంపు అంటే లిఫ్ట్ స్కీము అనుకోండి. ఇంజన్ల కాగిన నీళ్లు థర్మోస్టాట్ అనే తూము తెరుచుకోంగనే మీది పైపుల నుంచి రేడియేటర్ పై ట్యాంకుకు పోతయి, ఆడికెళ్లి సన్న సన్న గొట్టాలల్ల కిందికి దిగుకుంట గాలికి సల్లబడతయి, సల్లబడ్డ నీళ్లను కింది పైపు నుంచి పంపు మళ్ల ఇంజన్లకు గుంజుకుంటది. గుంజినప్పుడు పైపు గోడలు లోపలికి అతుక్కుపోవద్దని చానా బండ్లల్ల కింది పైపు లోపల ఒక స్ప్రింగ్ పెడతరు. మీది కాల్వ, కింది కాల్వ, తూము, లిఫ్ట్, అన్నీ ఉన్నయి. మీది కాల్వకు గండి పడ్డది, అంతే సమస్య.

గండి కూడ ఎక్కడ పడ్డది, క్లిప్పు కాడ. పైన చూస్తే పైపు నున్నగ నల్లగ కొత్త పెండ్లికొడుకు తీరు మెరుస్తది, బొటనవేలుతోటి ఒత్తితే క్లిప్పు దగ్గర మెత్తగ లోపలికి పోతది, లోపల్నుంచి సన్న పగుళ్లు. ఈ పైపులు లోపల్నుంచే పాడైతయి, బయటికి తెలిసేటాళ్లకు మీరు నార్కట్‌పల్లి కాడ రోడ్డు పక్కకు ఆగి ఉంటరు.

ఇగ షాపుకు పోయినం. గోడకు మేకులు, మేకులకు పైపులు, ఎస్ ఆకారంల, ఎల్ ఆకారంల, ఇంకా ఆ అక్షరమాలల లేని ఆకారాలల్ల కూడ ఏలాడుతున్నయి. కౌంటర్ల పిలగాడు కంప్యూటర్ ముందల కూసున్నడు.

"ఏ బండన్నా?"

"అంబాసిడర్."

"అది కంపెనీ పేరా, బండి పేరా?"

నేను సమాధానం చెప్పలే. ఈ దేశంల కలెక్టర్లు, మంత్రులు, ప్రధానమంత్రులు ఎక్కి తిరిగిన బండి, 1950ల చివరికెళ్లి 2014 మే దాంక బెంగాల్ల ఉత్తర్‌పాడా ఫ్యాక్టరీల తయారైన బండి. పిలగాడు మాత్రం లిస్టుల అంబాసిడర్ లేదన్నడు, లిస్టుల లేనిది లోకంల లేదన్నట్టు చూసిండు. లోపల్నుంచి వాళ్ల నాయిన సేటు వచ్చిండు. సేటుకు తెలుసు. తెలిసినోనితోటే అసలు కష్టం, ఎందుకంటే ఆయన అడిగే ప్రశ్నలు సివిల్స్ ఇంటర్వ్యూ లెక్క ఉంటయి. పెట్రోలా డీజిలా, పాత ఇంజనా తర్వాత వచ్చిన ఇసుజు ఇంజనా, రేడియేటర్ కంపెనీదేనా మధ్యల ఎవరన్న మార్చిండ్రా. న్యాయమైన ప్రశ్నలే. బయటికి అన్ని అంబాసిడర్లు ఒక్కతీరే ఉంటయి గానీ బానెట్ లేపితే ఇంజన్‌కొక తీరు. అన్నీ చెప్పినంక సేటు తలకాయ ఊపి, "ఉండె సార్, మస్తుగుండె, పోయినేడు దాంక ఉండె" అన్నడు. మన దగ్గర పాత బండ్ల సామాన్లు అన్నీ పోయినేడు దాంక ఉండెటియే. ఏ సంవత్సరం పోయి అడిగినా అంతే.

2017ల అంబాసిడర్ అనే పేరును ఫ్రాన్స్ పెజో కంపెనీ 80 కోట్లకు కొన్నది. ఒట్టి పేరు. పేరుకు 80 కోట్లు పెట్టెటోళ్లు దొరికిండ్రు గానీ పైపుకు నాలుగు వందలు పట్టుకోని తిరుగుతుంటే అమ్మెటోడు దొరుకుతలేడు, ఆర్థికశాస్త్రం చదివినోళ్లు ఎవరన్న ఉంటే ఇది జర అర్థం చేయించాలె.

హైదరాబాద్ ఆటోనగర్‌కు పో అన్నరు. పోతే, గివన్నీ బెజవాడ ఆటోనగర్ల దొరుకుతయి అన్నరు. బెజవాడ పోతే, మీరు హైదరాబాద్ దిక్కోళ్లు, ఇంత దూరం ఎందుకొచ్చిండ్రు, ఆడ రాణిగంజ్‌ల చూడలేదా అన్నరు. నల్లగొండోడు నడుమ పుట్టినందుకు ఇదొక్కటే లాభం, రెండు దిక్కుల నుంచి వాపస్ పంపిస్తరు. అటు పంతంగి టోలు, ఇటు కొర్లపహాడ్ టోలు. ఫాస్టాగ్ మాత్రం రెండు కాడ కరెక్టుగ ఫిట్ అయింది.

ఇంటికొచ్చినంక నిపుణుల కమిటీ కూసున్నది. మన దగ్గర బానెట్ లేపితే చాలు, కమిటీ దానంతట అదే ఏర్పడతది, జీవో అక్కర్లేదు. మా మెకానిక్ భాయ్ చైర్మన్. "ఫికర్ జెయ్యకు సాబ్, సీదా పైపు కొట్టి వంచుదాం, సెట్ అయితది" అన్నడు. సీదా పైపు వంచితే మలుపు కాడ మడత పడి నోరు మూసుకుంటది, ఇది చిన్నపిల్లలకు కూడ తెలుసు, ఎందుకంటే అసలు పైపును తయారుచేసేటప్పుడే వంపు ఉన్న అచ్చుకు తొడిగి ఉడికిస్తరు, ఆ వంపు దాని పుట్టుకల ఉంటది, మన బలవంతంతోటి రాదు. పక్కింటి పెద్దమనిషి రేడియేటర్ల ఇంత పసుపు పొయ్యమన్నడు. పసుపు సన్నటి బొక్కలకు కొన్నిసార్లు పనిచేస్తది కూడ, కాదన, కానీ అది రేడియేటర్ కారుతుంటే, చిరిగిన పైపుకు పసుపు పోస్తే బొట్టు కూడ పెట్టి అగర్‌బత్తి ముట్టియ్యాలె. ఇంకొకాయన సైకిల్ ట్యూబు చుట్టమన్నడు. బామ్మర్ది అసలు థర్మోస్టాటే పీకి పారెయ్ బావా అన్నడు, తూము పీకితే చెరువు బాగుపడతదన్నట్టు.

ఈ కమిటీల నాకు అర్థమైందేందంటే, మన ప్రాంతంల పైపు కారుకు సరిపోకపోతే తప్పు పైపుది కాదు, కారుది. కాబట్టి కారును మార్చాలె. ముందుగాల రేడియేటర్ మార్చు, మారుతిది పెట్టు, దాని పైపులు ప్రతి పాన్‌డబ్బాల దొరుకుతయి. మారుతి రేడియేటర్ చిన్నగైతది, వేడి గుంజదు, కాబట్టి కరెంటు ఫ్యాన్ పెట్టు. ఫ్యాన్‌కు పాత డైనమో చాలదు, ఆల్టర్నేటర్ పెట్టు. ఇంత చేసినంక ఆ పాత ఇంజన్ ఎందుకు, మటాడోర్ డీజిల్ ఇంజన్ దించు, మైలేజ్ వస్తది. డీజిల్ ఇంజన్ అదురుకు ఫౌండేషన్లు, గేర్‌బాక్స్... భాయ్ వేలు మడుచుకుంట లెక్క చెప్తున్నడు. జానెడు పైపు కాడ మొదలుపెట్టి లక్షన్నర దాంక ఒచ్చినం, ఎవ్వరి మొఖంల గూడ సిగ్గు లేదు. ప్రభుత్వ ప్రాజెక్టుల అంచనాలు ఎట్ల పెరుగుతయో అని ఎన్నడన్న అనుమానం ఉన్నోళ్లు మా వాకిట్లకు వచ్చి సూస్తే సరిపోయేది.

నిజం చెప్పాలంటే పైపు దొరికింది. మిర్యాలగూడల. కార్ల షాపుల కాదు, ట్రాక్టర్ల సామాన్ల షాపుల. ముసలాయన నా చేతిల ఉన్న చిరిగిన పైపు తీసుకున్నడు, ఏ బండి అని కూడ అడగలే. రెండు మూతుల లోపలి కొలత వేళ్లు పెట్టి చూసిండు, వర్నియర్ తీసి మళ్ల చూసిండు, రెండు మూతులు ఒక్క సైజు కాదని ఆయనే చెప్పిండు. గోడకున్న పైపులల్ల ఒక పొడుగుది దించి, నా దాన్ని దాని మీద పెట్టి వంపు కలిసే జాగ ఎతికి, ఈ కొసకింత ఆ కొసకింత బ్లేడుతోటి కోసిండు. నేను గ్రీజు రాసి ఎక్కియ్యాల్నా అంటే కోపానికొచ్చిండు, "సబ్బునీళ్లు పెట్టు బిడ్డా, గీ రబ్బరుకు నూనె, గ్రీజు పడదు, ఉబ్బుతది". ఈ పైపులకు వాడే ఈపీడీఎం అనే రబ్బరుకు అది అక్షరాల నిజం. అంటే పైపు బండి పేరు మీద దొరకదు, కొలత మీద దొరుకుతది, కొలిసెటోడు ఉంటే. అట్లాంటోళ్లకు మన దగ్గర ఏ కమిటీల సీటు లేదు.

కానీ పైపు ఎక్కలేదు. ఎక్కేలోపట కమిటీ తన పని తాను చేసింది. నేను మిర్యాలగూడల ఉన్నప్పుడే మా బామ్మర్ది రేడియేటర్ ఇప్పించి, పాతది తుక్కోనికి కిలోల లెక్కన ఇచ్చి, మారుతి రేడియేటర్ తెచ్చి పెట్టిచ్చిండు, "నీకు సర్‌ప్రైజ్ బావా" అన్నడు. ట్రాక్టర్ పైపు ఇప్పుడు కారుకు సరిపోదు. మారుతి పైపు రేడియేటర్ దిక్కు సరిపోతది, ఇంజన్ దిక్కు సరిపోదు. భాయ్ రెండిటినీ నడుమ ఇనుప గొట్టంతోటి కలిపి నాలుగు క్లిప్పులు బిగించిండు. సెట్ అయింది. పది నిమిషాల దాంక.

మొన్న దేవరకొండ రోడ్డుల ఫొటో స్టూడియో పిలగాడు వచ్చి కారు సుట్టు తిరిగిండు. ప్రీ వెడ్డింగ్ షూట్‌కు కిరాయికి ఇస్తవా అన్నా, నడవక్కర్లేదు, తోసి పెట్టుకుంటం అన్నడు. వాళ్లకు ఒక్క షాట్ గావాల్నంట, బానెట్ లేపి ఉండాలె, లోపల్నుంచి పొగలు రావాలె, పిలగాడు పరేషానుల నిలబడాలె, పిల్ల నవ్వాలె. పొగకు మిషన్ తెచ్చుకుంటం, దానికి వేరే కిరాయి అయితదని బాధపడుతున్నడు. మిషన్ అక్కర్లేదు తమ్మీ, ఒక్క పది నిమిషాలు స్టార్ట్ చేసి ఉంచు చాలు అన్న. అడ్వాన్స్ ఇచ్చి పోయిండు.