పార్కిన్సన్స్ నిర్ధారణ: స్కాన్ చెప్పేదెంత?

చెయ్యి వణుకుతోందంటే మెదడు స్కాన్ తీయిస్తే సరి, జబ్బేమిటో తేలిపోతుందని చాలామంది అనుకుంటారు. కదలికలను దెబ్బతీసే మెదడు జబ్బు పార్కిన్సన్స్ విషయంలో ఆ నమ్మకానికి ఆధారం తక్కువ. 1817లో జేమ్స్ పార్కిన్సన్ రోగుల వణుకును, నడకను గమనించి ఈ జబ్బును వర్ణించాడు. నేటికీ నిర్ధారణకు పునాది న్యూరాలజిస్టు స్వయంగా చేసే పరీక్షే. ఈ రోగుల్లో మామూలు ఎంఆర్ఐ చాలావరకు వయసుకు తగినట్టే ఉంటుంది. దాన్ని తీయించేది ముఖ్యంగా చిన్న చిన్న స్ట్రోకులు, మెదడులో నీరు చేరడం, కణితి వంటి ఇతర కారణాలేమైనా ఉన్నాయేమో చూడటానికి.

డాట్ స్కాన్ సంగతి వేరు. రేడియోధార్మిక అయోడిన్ కలిసిన మందును రక్తనాళంలోకి ఎక్కించి, 3 నుంచి 6 గంటల తర్వాత ఆ రేడియోధార్మికతను పసిగట్టే స్పెక్ట్ కెమెరాతో చిత్రాలు తీస్తారు. కదలికలకు అవసరమైన డోపమైన్ రసాయనాన్ని విడుదల చేసే నాడీకణాల చివరల్లో, దాన్ని తిరిగి లోపలికి తీసుకునే ట్రాన్స్‌పోర్టర్లనే ప్రోటీన్లు ఉంటాయి. వాటికి ఆ మందు అతుక్కుంటుంది కాబట్టి, ఆ చివరలు మిగిలి ఉన్నచోట మెదడు లోతుల్లోని స్ట్రయేటం అనే భాగం రెండువైపులా కామా ఆకారంలో వెలుగుతుంది. పార్కిన్సన్స్‌లో ముందుగా కామా తోక, అంటే స్ట్రయేటంలోని పుటామెన్ వెనుక భాగం, మసకబారి చుక్క మాత్రమే మిగులుతుంది. ఆ లోపం సాధారణంగా వణుకు మొదలైన చేతికి ఎదురువైపున ఎక్కువగా కనిపిస్తుంది.

చిత్రం ఇంత స్పష్టంగా ఉన్నా, అది జవాబిచ్చే ప్రశ్న ఇరుకైనది. పార్కిన్సన్స్‌ను పోలి ఉండే వేరే మెదడు జబ్బులైన మల్టిపుల్ సిస్టమ్ అట్రోఫీ, ప్రోగ్రెసివ్ సుప్రాన్యూక్లియర్ పాల్సీలలోనూ ఆ కామా చెరిగిపోతుంది, వాటిని పార్కిన్సన్స్ నుంచి ఈ స్కాన్ నమ్మకంగా విడదీయలేదు. (ఆ పని కొంతవరకు ఎంఆర్ఐ చేస్తుంది: సుప్రాన్యూక్లియర్ పాల్సీలో మిడ్‌బ్రెయిన్ క్షీణించి, పక్కనుంచి చూస్తే హమ్మింగ్‌బర్డ్ తలలా కనిపిస్తుంది. కానీ తొలి దశలో ఆ గుర్తు లేకపోవచ్చు.) అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2011లో డాట్ స్కాన్‌కు అనుమతి ఇచ్చింది కూడా ఎసెన్షియల్ ట్రెమర్‌ను (డోపమైన్ కణాలు దెబ్బతినకుండా వచ్చే వణుకు జబ్బును) పార్కిన్సోనియన్ సిండ్రోమ్‌ల నుంచి, అంటే పార్కిన్సన్స్, దాన్ని పోలిన జబ్బుల నుంచి వేరుచేయడంలో తోడ్పాటుగానే. కదలికల జబ్బుల నిపుణుల సంఘం మూవ్‌మెంట్ డిజార్డర్ సొసైటీ 2015 ప్రమాణాల్లో డాట్ స్కాన్ వంటి డోపమైన్ స్కాన్ సాధారణంగా ఉంటే పార్కిన్సన్స్ కాదనడానికి ఆధారమవుతుంది. తేడాగా ఉంటే మాత్రం, అదొక్కటే చూపి పార్కిన్సన్సేనని చెప్పడానికి వీల్లేదు. రిపోర్టులో ‘అసాధారణం’ అన్న మాట చూసి బెంబేలెత్తే కుటుంబాలకు ఈ తేడాను ముందే విడమరచి చెప్పాలి.

విశ్రాంతిలో ఒకవైపు చెయ్యి వణుకుతూ, కదలికలు మందగించి, డోపమైన్ లోటు తీర్చే మందు లెవోడోపాకు చక్కగా స్పందించే రోగికి ఈ స్కాన్ వల్ల కొత్తగా తెలిసేది దాదాపు ఏమీ ఉండదు. వాంతులు ఆపే మెటోక్లోప్రమైడ్ లేదా మానసిక వ్యాధుల మందులు వాడుతుండగా వణుకు, బిగుసుకుపోవడం మొదలైన రోగి విషయం అలా కాదు. అక్కడ స్కాన్ సాధారణంగా వస్తే, లక్షణాలకు ఆ మందే కారణమై ఉండొచ్చు కాబట్టి, వైద్యుడి పర్యవేక్షణలో ఆ మందు మార్చి కొన్ని నెలలు వేచి చూడవచ్చు. తేడాగా వస్తే, మందు అప్పటికే లోపల ఉన్న జబ్బును బయటపెట్టిందని అనుమానించాలి.